బాలనర్సమ్మ పచ్చసొన

ఒకే గుడ్డును ఇద్దరికి అమ్మిన మనిషిని నా ఇరవై ఎనిమిదేళ్ల నర్సు ఉద్యోగంలో ఒక్కరినే చూశాను. ఆమె పేరు బాలనర్సమ్మ. షామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు పక్కన, నేను పనిచేసిన ధర్మాసుపత్రి గేటు దగ్గర ఉడికిన గుడ్లు అమ్మేది. ఆసుపత్రి పేరు మాత్రం అడగొద్దు. చెప్తే అక్కడివాళ్లకు కోపం వస్తుంది. నాకేమో నా కోపమే ఎప్పుడూ ముక్కు మీద ఉంటుంది, ఇంకొకరి కోపం పెట్టుకోవడానికి చోటు లేదు.

బాలనర్సమ్మ పుట్టింది గుండ్లపోచంపల్లిలో. మొగుడు ఇక్కడి ద్రాక్షతోటలో కాపలా ఉండేవాడు. ముందు మొగుడు పోయాడు, తర్వాత తోట ప్లాట్లుగా పోయింది. పిల్లలు లేరు. ఏడుస్తూ కూర్చునే రకం కాదు కాబట్టి ఒక పొయ్యి, ఒక గిన్నె, ఒక పాత గొడుగు పట్టుకుని రోడ్డు మీదికొచ్చింది. అప్పట్లో తూంకుంట నుంచి మేడ్చల్ దాకా ఎటు చూసినా కోళ్లఫారాలే. లారీ ఎక్కించడానికి పనికిరాని, పెంకు చిట్లిన గుడ్లను చౌకగా తెచ్చుకునేది. నీళ్లలో గుప్పెడు ఉప్పు వేస్తే చిట్లిన గుడ్డు కూడా సొన కారకుండా ఉడుకుతుందని నాకు నేర్పింది ఆమే. నేర్పి ఊరుకుందా?

"సిస్టరమ్మా, ఇద్య నేర్పిన గదా, జెర దూది ఇయ్యి, పొయ్యి అంటువెట్టుకుంట" అని చెయ్యి చాపింది.

ఊరికే ఇవ్వడం అనేది ఆమె ఇంటా వంటా లేదు. ఎండకు తాళలేక ఆమె గొడుగు కింద రెండు నిమిషాలు నిలబడితే, ఆ నీడకు కూడా బదులు ఏదో ఒకటి రాబట్టేది.

మా ఆసుపత్రిలో గుడ్డు గొడవ నా చేతుల మీదుగానే మొదలైంది. 1999లో ఒకే రోజు, ఒకే సుత్తితో రెండు పటాలు నేనే గోడకు కొట్టాను. టీకాల గదిలో నవ్వుతున్న గుడ్డు బొమ్మ, దాని కింద 'రోజుకో గుడ్డు, ఒంటికి బలం'. ఎదురుగా బీపీ రోగులు కూర్చునే గదిలో ఎర్రగీత కొట్టిన గుడ్డు బొమ్మ, దాని కింద 'గుండెకు గుడ్డు ముప్పు'. నీళ్ల కోసం లోపలికి వచ్చిన బాలనర్సమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. చదువు రాదు, కానీ బొమ్మలు చూడ్డానికి చదువెందుకు?

"ఏంది సిస్టరమ్మా, గీ అర్రల నవ్వుకుంట ఉన్న గుడ్డుకు గా అర్రలకు పోంగనే ఏమైంది? పానం బాగలేదా?"

"అది వేరే రోగులకు" అన్నాను చిరాగ్గా.

"మరి గా ముచ్చట గోడ మీద రాయకపోతిరి!"

రాయని మాట నిజమే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, "పో, నీ గుడ్లు మాడుతున్నాయి పో" అని కసిరి పంపాను.

మాకు అప్పుడు పెద్ద డాక్టరు ఉండేవారు. ముప్పై ఏళ్ల అనుభవం. నోట్లోంచి మూడు మాటలు రావడమే గగనం. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు ఆయన చెప్పేది ఒకటే: "గుడ్డులో పచ్చది బంద్." ఎందుకు అని అడిగితే కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసేవారు. ఆ చూపు తిన్నవాళ్లు మళ్లీ జన్మలో అడిగేవారు కాదు.

ఆ మాటతోనే బాలనర్సమ్మ వ్యాపారం తిరిగింది. బీపీ ముసలివాళ్లు నలుగురైదుగురు రోజూ పొద్దున్నే గేటు దగ్గర బల్ల మీద చేరేవారు. వాళ్లకు గుడ్డు మీద ఆశ, పచ్చసొన మీద భయం. బాలనర్సమ్మ ఒలిచిన గుడ్డును ఎడమచేతిలో పెట్టుకుని, దారం ఒక కొస పళ్లతో పట్టి, సర్రున రెండు చెక్కలు చేసేది. పచ్చది గిన్నెలోకి జారేది. తెల్లది ఉప్పూ కారం చల్లి ముసలివాళ్ల చేతికిచ్చేది. గిన్నెలోది "బలం, మస్తు బలం" అని టీకాలకొచ్చిన తల్లులకు, కల్లు కాంపౌండుకు పోయేవాళ్లకు అమ్మేది. గుండె పదిలమని వీళ్లు, బలం వచ్చిందని వాళ్లు, ఇద్దరూ ఆమెకు దండం పెట్టి పోయేవారు. నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని.

దానికి తోడు ఆమెకు ఇంకో ఉద్యోగం కూడా దొరికింది. చీటీ పట్టుకుని బయటికొచ్చిన రోగి ముందు ఆమె దగ్గర ఆగేవాడు. 'నెయ్యి తినొచ్చునా?', 'పల్లినూనె మంచిదా, పొద్దుతిరుగుడు నూనె మంచిదా?', 'రాత్రికి చపాతీ తినుమన్నడు, జొన్నరొట్టె తింటే ఏమైతది?' లోపల అడగలేని ప్రశ్నలన్నీ గేటు దగ్గర అడిగేవాళ్లు. డాక్టరు మూడు మాటల్లో తేల్చింది ఆమె ముప్పై మాటల్లో విప్పి చెప్పేది, మధ్యలో పిల్లాజెల్లా క్షేమం కూడా కనుక్కునేది. తీరిగ్గా ఎవరు చెప్తే వాళ్లే డాక్టరు మా ఊళ్లో. అలా అడిగించుకోవడమంటే బాలనర్సమ్మకు మహా ఇష్టం. ఎవరైనా అడిగితే చాలు, కొంగు సర్దుకుని కూర్చునేది.

ఆ బల్ల మీది ముసలివాళ్లలో సిద్దయ్య ముఖ్యుడు. తూంకుంటలో రెండెకరాలు ప్లాట్లకు అమ్మి, చేయడానికి పనిలేక బీపీని చూసుకుంటూ బతికే మనిషి. నెమ్మదస్తుడు, చెప్పిన మాట వింటాడు. బాలనర్సమ్మను చెల్లె అనేవాడు. ఆయన పక్కన గాలయ్య. ఆయన ఎవరి మాటా వినడు, అందరికీ చెప్తాడు.

2003 వానకాలంలో జమీలా తన పదకొండేళ్ల కూతురు మెహ్‌జబీన్‌ను తీసుకుని మా దగ్గరికొచ్చింది. జమీలా వెనక బస్తీలో బట్టలు కుట్టేది. పిల్లకు టీబీ. ఆరు నెలల మందు, వారానికి మూడు రోజులు వచ్చి నా ముందే గోలీలు మింగాలి. మింగడం, గేటు దాటగానే కక్కడం. పరగడుపున వస్తుంది మరి. కాటా మీద నిలబెడితే ఇరవై ఒక్క కిలోలు. ఇలా కక్కితే మందు పనిచేయదు, పిల్ల దక్కదు. ఆ మాట జమీలాకు నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పి లోపలికొచ్చి ఆ రోజంతా కనపడినవాళ్లందరినీ తిట్టాను.

తర్వాతి గోలీల రోజున చూద్దును కదా, మింగకముందే పిల్ల బాలనర్సమ్మ గొడుగు కింద కూర్చుని రెండు పచ్చసొనలు తింటోంది. జమీలా కంగారు పడుతోంది.

"బాలమ్మక్కా, నా తాన పైసల్ లేవు."

"పైసలెవ్వలడిగిన్రు? ఎట్లైన గిన్నెల పడున్నయి. నువ్వు నాకు రెండు రైకలు కుట్టియ్యి, సరిపాయె."

ఆమె ఊరికే ఇస్తుందని ఒక్క క్షణం ఆశపడ్డాను, నాదే తెలివితక్కువ. కానీ ఆ రోజు పిల్ల కక్కలేదు. తర్వాతా కక్కలేదు. సిద్దయ్య గుడ్డులోది ఒకటి, గాలయ్య గుడ్డులోది ఒకటి, రోజూ ఆ రెండూ మెహ్‌జబీన్‌వి. మిగతావే అమ్మకానికి. నెలకోసారి నేను కాటా వేసేటప్పుడు బాలనర్సమ్మ పొయ్యి ఆర్పేసి లోపలికొచ్చేది. ముల్లు అరకిలో జరిగితే చాలు, "సూడు సిస్టరమ్మా, సూడు, నేను వెంచిన!" అని నన్ను కుదిపేసేది. రైకలు రెండూ కుట్టడం అయిపోయింది, మూడోది అడగలేదు. ఆ పిల్లంటే ఆమెకు ప్రాణమైపోయింది. పైకి అంటే ఒప్పుకోదు.

మూడు నెలలు గడిచాయి, పిల్ల ఇరవై నాలుగుకొచ్చింది. మందు ఇంకో మూడు నెలలు ఉండగా పెద్ద డాక్టరు రిటైరయ్యారు. ఆయన స్థానంలో రోజారాణి అనే డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మంచిది, మనసున్నది, కానీ గుమ్మం దాకా రోగుల వరస ఉంటే మనసు ఎక్కడ చూపిస్తుంది? సిద్దయ్య బీపీ చూసి, పాత గోలీలు ఆపేసి కొత్తవి రాసింది. లేస్తుంటే, "గుడ్డు మొత్తం తినొచ్చు తాతా, పచ్చసొనతో ఏం కాదు" అంది. ఆయన నోరు తెరిచేలోగా "నెక్స్ట్" అంది. నేను పక్కనే ఉన్నాను. నాకూ ఆశ్చర్యమే, కానీ నాకు మాత్రం అడిగే తీరిక ఉందా?

సిద్దయ్య పెళ్లికొడుకులా గేటు దగ్గరికి వెళ్లాడు.

"చెల్లే, ఇయ్యాల దారం పక్కన పెట్టు. గుడ్డు గుడ్డుగనే ఇయ్యి. డాక్టరమ్మ తినుమన్నది."

బాలనర్సమ్మ చేతిలో దారం ఆగిపోయింది. పక్కన మెహ్‌జబీన్ గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. సిద్దయ్య తింటే గాలయ్య తింటాడు, ఆ ఇద్దరూ తింటే బల్ల మీద వాళ్లంతా తింటారు. గిన్నెలో ఏం మిగులుతుంది? అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఆమె అతికించింది చూడండి.

"అన్నా, గా పొల్ల సదువు నిన్నగాక మొన్న అయిపోయింది. ముప్పై ఏండ్లు సూసిన పెద్ద డాక్టరు వద్దన్నడు. గీమె తినుమంటది. మా ఆడిబిడ్డ మొగుడు కుత్బుల్లాపూర్‌ల గిట్లనే ఎవలో తినుమన్నరని పచ్చది తిన్నడు. కూసున్న కాడనే కూలిండు. నీ ఇష్టం ఇగ."

బాలనర్సమ్మ మొగుడికి అసలు తోబుట్టువులే లేరు. ఆ సంగతి సిద్దయ్యకు ఎట్లా తెలుస్తుంది? పాపం ముఖం ముడుచుకుంది.

"గట్లనా! మరి గోలీలు గూడ మార్చింది గదనే?"

"గుడ్డు సంగతే తెల్వనామెకు గోలి సంగతి ఏం తెలుస్తదన్నా" అంది బాలనర్సమ్మ, దారం మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుంటూ. మాట అందంగా వచ్చింది కదా అని అనేసింది, అంతే. గాలయ్య "శభాష్!" అని తొడ చరిచాడు. రెండు పచ్చసొనలు గిన్నెలో పడ్డాయి. నేను కిటికీలోంచి వింటూనే ఉన్నాను. ఆడిబిడ్డ మొగుడి చావుకు నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇరవై రోజుల తర్వాత ఒక పొద్దున సిద్దయ్యను ఆటోలో తెచ్చారు. మూతి వంకర పోయింది, ఎడమచెయ్యి లేవడం లేదు. బీపీ చూసి డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. చొక్కా జేబులో కొత్త గోలీల పట్టీ ఉంది, ఒక్కటీ చింపలేదు. పాతవి చీటీ మార్చిన నాటికే అయిపోయాయి. ఇరవై రోజులుగా ఏ గోలీ లేదన్నమాట.

"ఎందుకు వేసుకోలేదు?" అని డాక్టరమ్మ అడిగింది.

"బాలమ్మ జెప్పిందట, మీకేం తెల్వదని" అంది ఆయన భార్య ఏడుస్తూ.

ఆయన్ను సికింద్రాబాదు పెద్దాసుపత్రికి పంపి, నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. ఇంతెత్తున లేచాను. "నీ నోరు పడిపోను! నీ రెండు పచ్చసొనల కోసం మనిషిని చంపుతావా?" అని అరిచాను. బాలనర్సమ్మ ఎదురు తిరుగుతుందనుకున్నాను, అదీ ఆమె అలవాటు. ఆమె మాత్రం కూర్చున్నచోటే కూలబడిపోయింది.

"బతికే ఉన్నడా?"

"ఉన్నాడు."

"నేను గోలి వేస్కోకుమన్ననా సిస్టరమ్మా? మాట అన్న, గంతే గదా..." అని ఆగిపోయింది. అన్నదేమిటో ఆమెకు గుర్తుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత లేచి, చెప్పులు గేటు దగ్గర విడిచి, డాక్టరమ్మ ముందు నిలబడింది. పిల్ల సంగతి, గిన్నె సంగతి, లేని ఆడిబిడ్డ, ఆమెకు చావని మొగుడు, అన్నీ ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ కోప్పడలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"పొయ్యి మీద అన్ని గుడ్లున్నాయి కదా అమ్మా. ఆ పిల్లకు రోజూ ఒక గుడ్డు నువ్వే ఇవ్వకపోయావా?"

బాలనర్సమ్మ నెత్తి కొట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆ ఉపాయం నాకూ తట్టలేదు.

మర్నాడు మెహ్‌జబీన్ చేతిలో బాలనర్సమ్మ నిండు గుడ్డు పెట్టింది. జమీలా దాన్ని లాక్కుని వాసన చూసింది.

"క్యా అక్కా, ఖరాబైందా?"

"మంచిదేనే! తిననియ్యి!"

"రైకలు కుట్టాల్నా?"

"ఏం వద్దు, ఊర్కెనే."

జమీలా నమ్మక ఇంకోసారి వాసన చూసింది.

అది చిన్న అవమానం. పెద్దది బల్ల దగ్గర ఎదురైంది. ముసలివాళ్లందరి ముందూ నిలబడి బాలనర్సమ్మ చేతులు జోడించింది. "నేను జెప్పింది అబద్ధం. డాక్టరమ్మ జెప్పిందే నిజం. గోలీలు మింగున్రి, గుడ్డు నిండుగ తినున్రి" అంది.

గాలయ్య నవ్వాడు. "ఎందుకు భయపడుతున్నవే? జాగ ఖాళీ చెయ్యమన్నదా డాక్టరమ్మ?"

"లేదే! నా నోటితోని నేనే జెప్తున్న."

"మొన్న జెప్పింది నిజం, ఇయ్యాల జెప్పేది భయం. మాకు తెల్వదా?" అన్నాడు. బల్లంతా తలూపింది. "తెల్లది కోసియ్యి, జల్దీ."

"కొయ్య. తింటే మొత్తం తిను, లేకుంటే పో."

గాలయ్య పోయాడు. రోడ్డు అవతల బండి మీద నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాడు, గుండెకు మంచిదని. మిగతావాళ్లూ వెంట నడిచారు. అబద్ధం ఒక్కపూటలో అమ్ముడుపోయింది కానీ, నిజం నెల రోజులు అరిచినా కొనేవాడు లేడు. రోజూ సగం గుడ్లు మిగిలేవి.

సిద్దయ్య నెల తర్వాత చేతికర్ర పట్టుకుని వచ్చాడు. మూతి కొంచెం పక్కకే ఉండిపోయింది. ఆయన భార్య నా దగ్గర మొరపెట్టుకుంది: మళ్లీ గోలీలు మింగడం లేదట. ఎవరేం చెప్పినా గోడ వైపు తిరుగుతున్నాడట. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడని పెద్దాసుపత్రిలో చెప్పి పంపారు. నేను బతిమాలాను, తర్వాత తిట్టాను. ఆయన నన్ను దాటుకుని వెళ్లి బాలనర్సమ్మ ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"చెల్లే" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "పెద్ద డాక్టరు పచ్చది వద్దన్నడు. గీమె తినుమన్నది. ఎవలో ఒకలు తప్పు జెప్పిన్రు గదా. 'మేము తప్పు జెప్పినం' అని ఒక్కలన్న అన్నరా? అనలే. నువ్వన్నవ్. గందుకే నిన్నడుగుతున్న. గోలి మింగాల్నా, వద్దా?"

అడిగించుకోవడమంటే అంత ఇష్టపడే మనిషి, ఈసారి కొంగు సర్దుకోకుండానే లేచి నిలబడింది.

"మింగాలె అన్నా. నీ కాళ్లు మొక్కుత, మింగు. కని నేను జెప్పిన్నని మింగకు. నా మాట మీద ఇంకేం జెయ్యకు. పా, లోపలికి పోయి అడుగుదాం."

పొయ్యి మీద గుడ్లు ఉడుకుతుండగానే వదిలేసి, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. వరసలో వాళ్లు గొణిగితే, "ఒక్కసారి ఆగున్రి, మీ దిక్కు గూడ అడుగుత" అని గదిమింది. డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి, పక్కన నిలబడింది.

"బిడ్డా, మాకు సదువు రాదు. గీ గోలి దేనికి? పాతది ఎందుకు మార్చినవ్? పచ్చది అప్పుడెందుకు వద్దన్నరు, ఇప్పుడెందుకు తినుమంటున్నరు?"

డాక్టరమ్మ వరస వైపు చూసింది. తర్వాత కలం మూసి పక్కన పెట్టింది.

"గుడ్డులో ఉన్న కొవ్వు నేరుగా గుండె నరాల్లో పేరుకుంటుందని అప్పుడు అనుకున్నాం తాతా. తర్వాత చాలామందిని చూస్తే అంత పేరుకోవట్లేదని తెలిసింది. తప్పు మాదే. రేపు ఇంకేమైనా కొత్తగా తెలిస్తే, అదీ నీకు చెప్తాను. కానీ ఈ గోలి సంగతి వేరు. దీని మీద నాకు అనుమానం లేదు. పాతది నీ బీపీకి చాలట్లేదు, అందుకే మార్చాను. ఆపితే ఏమైందో నీ చెయ్యికే తెలుసు."

సిద్దయ్య జేబులోంచి గోలీల పట్టీ తీశాడు. నేను నీళ్ల గ్లాసు అందించాను. పట్టీ చింపడానికి ఒక చెయ్యి చాలక అవస్థ పడుతుంటే బాలనర్సమ్మ చింపి ఇచ్చింది. ఆయన గోలి నాలుక మీద వేసుకుని మింగాడు, నీళ్లు పక్కకు కారితే భుజం మీది తువ్వాలతో తుడుచుకున్నాడు. తర్వాత డాక్టరమ్మనూ, బాలనర్సమ్మనూ, నన్నూ, ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"గీ ముచ్చట మొదట్నే జెప్తే మీ సొమ్మేం బోయేనే?" అన్నాడు.